గీత పడని హెల్మెట్

ఆగు, సెనామీ.
పసుపు చొక్కాకి కొట్లో పెట్టిన మడత ఇంకా పోలేదు,
వీపు మీద నంబరు రంగు తడారలేదు,
అప్పుడే దంతోక్పా బజారుకి బేరం పట్టడానికి పరుగా?
ఇంజను వేడెక్కనీ.
ఈలోపు ఆ డబ్బా మీద కూర్చో.

నాకు బండి నడపడం అంతంతమాత్రమే వచ్చు.
ఇరవై రెండేళ్లుగా కోతోనూలో, ఈ రేకుల పందిట్లో
పడ్డ బండ్లని లేపడం నా పని.
పడ్డవాడు ఒకటి చెబుతాడు:
"నా తప్పేం లేదు కోజోవీ, వాడే వచ్చి గుద్దాడు."
బండి ఇంకోటి చెబుతుంది.
బండికి బొంకడం రాదు.

ఇదిగో, ఈ నల్లదాని కుడి పెడల్
చెవి మెలేసినట్టు లోపలికి తిరిగింది చూడు.
మలుపులో వంగి ఉండగా ఇసక మీద బ్రేకు తొక్కాడు.
సముద్రం పక్క వీధుల్లో, పరిచిన రాళ్ల మీద
రాత్రికి రాత్రి ఇసక వచ్చి పడుకుంటుంది.
దాని నిద్ర చెడగొట్టకుండా దాటాలి.
వేగం మలుపుకి ముందే చంపుకో,
మలుపులో చేతులు నిమ్మళంగా ఉండనీ.

ఆ ఎర్రదాని ముందు చక్రం ఎనిమిదంకె వేసింది.
"గుంత వైపే చూస్తూ వచ్చాను, ఎలా పడ్డానో!" అన్నాడు.
అందుకే పడ్డావు నాయనా, అన్నాను.
చూపెటో చక్రం అటు.
గుంత పక్కన జానెడు దారి ఉంటుంది,
దాన్ని చూడు.

వెనక బ్రేకునే నమ్ముకున్నవాళ్లు
నా కొట్టుకి మహారాజపోషకులు.
ముందు బ్రేకు పడితే ఎగిరి పడతామని వాళ్ల భయం.
గబుక్కున పట్టకు. పిండు,
గింజ జారకుండా నిమ్మకాయ పిండినట్టు.

మొదటి వాన, మొదటి పావుగంట,
రోడ్డు చేప పొట్ట.
బేరం పోతే పోయింది, ఈ చూరు కింద నిలబడు,
వేరుశనక్కాయలు పెడతాను.

రాత్రి ఎదురుగా ఒక్క దీపం కనబడితే
తోటి బండే అనుకునేవు.
ఒంటికన్ను లారీ కావచ్చు,
దాని చీకటి సగం నీ వైపు ఉండొచ్చు.

వెనక ఎక్కే ఆడవాళ్లు నడుముకి చుట్టుకున్న గుడ్డ అంచు
ఎక్కగానే చూడు. గొలుసుకి గుడ్డంటే మా ఇష్టం.
మొహమాటపడకు, "అక్కా, లోపలికి దోపుకో" అను.
చక్రంలో చిక్కిన గుడ్డని ఈ కత్తెరతో చాలాసార్లు తీశాను.
గుడ్డ వరకే అయితే...
సరేలే.

అటేం చూస్తున్నావు?
మేకుకి వేలాడేదా?
నీలంది. అవును, ఒక్క గీత లేదు.
దానితో వచ్చిన బండిని
బస్తాలో పోసి తూకానికి వేశారు.
సాగ్బోది.
ఉక్కగా ఉందని అద్దానికి తగిలించుకున్నాడు,
పోలీసులు కనబడితే పెట్టుకుందామని.
పోలీసులు వచ్చారు.
వాడికి కనబడలేదు.

తమ్ముడొచ్చి పట్టుకెళ్తానన్నాడు, రాలేదు.
వారానికోసారి దుమ్ము తుడుస్తాను.
ధర అడగకు, అమ్మను.
అరువూ ఇవ్వను, ఇంకొకరి తల కొలత నీకెందుకు?
నీది తియ్యి ఆ హ్యాండిల్ మీంచి.
హ్యాండిల్‌కి తలకాయ లేదు.
పట్టీ బిగించు.
గడ్డం కింద రెండు వేళ్లు దూరాలి, మూడోది దూరకూడదు.

టక్.

ఈ పందిట్లో పుట్టే చప్పుళ్లన్నిటిలో
నాకు ఆ ఒక్కటే ఇష్టం.

ఇక వెళ్లు.
నాకేసి చెయ్యి ఊపకు, రెండు చేతులూ దానికే కావాలి.

మూల దగ్గర ఎవరూ లేరు.
ఇంకా తెల్లవారలేదు, మేక కూడా లేవలేదు.
అయినా నీ వెనక ఎర్రదీపం
ఒక్క క్షణం వెలిగింది.

నేను స్పానర్ వెతుక్కున్నాను.